పుండు మాన్పే జెల్ వచ్చినా.. పాదం చూసుకుంటేనే మేలు

గద్వాల విత్తన పత్తి చేలల్లోనైనా, వనపర్తి వేరుసెనగ పొలాల్లోనైనా రైతు కాలికి ముల్లు గుచ్చుకోవడం వింతేమీ కాదు. కానీ ఆ రైతుకు మధుమేహం ఉంటే, ముల్లు దిగిన సంగతి కూడా ఒక్కోసారి తెలియదు. నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు, రక్తప్రసరణ మందగించి గాయం మానదు. నిర్లక్ష్యం చేస్తే వేలో, పాదమో తొలగించవలసి వస్తుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో మధుమేహ రోగుల సంఖ్యను 10.1 కోట్లుగా అంచనా వేసింది. ఇటువంటి మొండి పుండ్లను మాన్పేందుకు శాస్త్రవేత్తలు ఎంచుకున్న మార్గాల్లో వృద్ధి కారకాలు, వాటిని మోసే జెల్‌లు ముఖ్యమైనవి.

వృద్ధి కారకాలంటే?

గాయమైన చోట కొత్త చర్మం, రక్తనాళాలు ఏర్పడేలా కణాలను పురికొల్పే ప్రొటీన్లే వృద్ధి కారకాలు. వీటిలో ఒకటైన ఈజీఎఫ్‌ను అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ కనుగొన్నారు. ఈ రంగంలో కృషికి ఆయన రీటా లెవీ మోంటాల్చినితో కలిసి 1986లో నోబెల్ బహుమతి అందుకున్నారు. చిక్కేమిటంటే, మొండి పుండులో ప్రొటీన్లను ఛిద్రం చేసే ఎంజైములు అధికం. అందువల్ల పూసిన మందు ఎక్కువసేపు నిలవదు.

హైదరాబాద్‌లోనూ తయారీ

అమెరికాలో పీడీజీఎఫ్ అనే వృద్ధి కారకంతో చేసిన పైపూత జెల్‌కు 1997లో అనుమతి లభించింది. హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ ఈజీఎఫ్‌తో ‘రీజెన్-డి’ అనే పైపూత జెల్‌ను మధుమేహుల పాదాల పుండ్ల కోసం రూపొందించింది. క్యూబా మరో దారి పట్టింది. ఈజీఎఫ్‌ను నేరుగా పుండులోకి, దాని అంచుల్లోకి సూదితో ఎక్కించే మందుకు 2006లో అక్కడ అనుమతి ఇచ్చారు.

సూదిలో ద్రవం.. ఒంట్లో జెల్

ఈ రెండు పద్ధతుల మేళవింపే ఇంజెక్షన్ హైడ్రోజెల్. సబ్జా గింజ నీటిలో నానితే చుట్టూ జిగురు పొర కట్టి నీటిని పట్టి ఉంచుతుంది. హైడ్రోజెల్ స్వభావమూ అటువంటిదే. రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్ వంటి పదార్థాలతో దీనిని చేస్తారు. కొన్ని రకాలు సూదిలో ద్రవంగా ఉండి, 37 డిగ్రీల శరీర ఉష్ణోగ్రతకు చేరగానే గడ్డకడతాయి. పుండు ఎంత లోతుగా, వంకరగా ఉన్నా ఆ సందులన్నీ నింపుతాయి. లోపలి వృద్ధి కారకం ఎంజైముల బారిన పడకుండా కొన్ని రోజులపాటు కొద్దికొద్దిగా విడుదలవుతుంది. కొల్లాపూర్ మామిడి తోటకు నీరు ఒక్కసారిగా పారించక డ్రిప్పుతో చుక్కచుక్కగా ఇచ్చినట్లన్నమాట. అయితే వృద్ధి కారకాలతో కూడిన ఇటువంటి జెల్‌లు ఎక్కువ భాగం ఇంకా ప్రయోగశాలల్లో, జంతువులపై పరీక్షల దశలోనే ఉన్నాయి.

మందు ఒక్కటే చాలదు

కణాల పెరుగుదలను పురికొల్పే మందు గనుక జాగ్రత్త అవసరం. అమెరికాలో అనుమతి పొందిన జెల్‌పై 2008లో క్యాన్సర్ ముప్పు హెచ్చరిక ముద్రించారు. తదుపరి పరిశీలనల అనంతరం 2018లో దానిని తొలగించారు. అయినా పూసే చోట క్యాన్సర్ ఉన్నవారు దానిని వాడకూడదు. చీము, చచ్చిన కండ తొలగించకుండా, రక్తంలో చక్కెర అదుపు చేయకుండా, పుండుపై బరువు పడకుండా చూసుకోకుండా ఏ జెల్ వాడినా ఫలితం అంతంతమాత్రమే.

మధుమేహులు పాటించవలసినవి

* రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగలేనివారు ఇంట్లోవారి సాయం తీసుకోవాలి.
* పొలంలోనూ, ఇంట్లోనూ చెప్పులు విడవరాదు.
* ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు. పుండుపై పసరు, సున్నం వంటివి పూయరాదు.
* పుండు కనిపించినా, రంగు మారినా, వాసన వచ్చినా ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి.

వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. 30 ఏళ్లు దాటినవారికి గ్రామస్థాయిలోనే మధుమేహ పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమమూ ఉంది. కొత్త జెల్ అందేదాకా ఆగనవసరం లేదు. సకాలంలో చూసుకున్న ముల్లుగాయానికి చాలావరకు మామూలు వైద్యమే సరిపోతుంది.