ఆకాశంలో అంగడి - అందులో మన వాటా



మన పాతబస్తీకి ఆకాశంతో చుట్టరికం ఈనాటిది కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి పెద్ద టెలిస్కోపు తెప్పించి ఫిసల్‌బండలో పెట్టించారు. నిజామియా అబ్జర్వేటరీకి అదే మొదలు. అక్కడికి దగ్గర్లోనే కంచన్‌బాగ్‌లో 1973లో మిశ్ర ధాతు నిగమ్, అంటే మనమంతా పిలిచే మిధాని ఏర్పడింది. ఆ గోడ పక్క నుంచి బస్సులో ఎన్నోసార్లు పోయి ఉంటాం. లోపల తయారయ్యే ప్రత్యేకమైన ఉక్కు రాకెట్ తొడుగుగా మారుతుందని మనలో ఎందరికి తెలుసు?

ఒకప్పుడు ఆకాశాన్ని చూసేవాళ్ళు. ఇప్పుడు అక్కడ వ్యాపారం చేస్తున్నారు. ఆ వ్యాపారం ఏమిటో, అందులో మనకు చోటు ఉందో లేదో చెప్పడానికే ఈ వ్యాసం.

కక్ష్య అంటే ఏమిటి?

హాస్టల్ మిద్దె మీది నుంచి రాయి విసిరితే కొంత దూరం పోయి పడుతుంది. ఇంకా గట్టిగా విసిరితే ఇంకా దూరంలో పడుతుంది. గాలి అడ్డులేని ఎత్తులో చాలా వేగంగా విసిరితే? రాయి పడుతూనే ఉంటుంది, కానీ భూమి గుండ్రం కాబట్టి నేల కూడా వంగుతూ పోతుంది. రాయి నేలను తాకదు, చుట్టూ తిరుగుతుంది. అదే కక్ష్య. 500 కిలోమీటర్ల ఎత్తులో దానికి గంటకు సుమారు 27 వేల కిలోమీటర్ల వేగం కావాలి. ఆ వేగంతో గంటన్నరకు ఒక చుట్టు పూర్తవుతుంది.

అంటే ఎత్తుకు పోవడం ఒక్కటే చాలదు, వేగం కూడా కావాలి. ఖర్చంతా ఆ వేగం దగ్గరే ఉంది.

అమ్మేదేమిటి, కొనేదెవరు?

కక్ష్యలో దుకాణం పెట్టినా గల్లా పెట్టె భూమి మీదనే ఉంటుంది. అమ్మే సరుకు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి సిగ్నల్. 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే డీటీహెచ్ టీవీ, తక్కువ ఎత్తు ఉపగ్రహాలు ఇచ్చే ఇంటర్నెట్ ఈ కోవలోవి. రెండోది ఫొటో. పంట ఎండిందా, చెరువు నిండిందా, తుపాను ఎటు పోతోంది అని తెలిపే చిత్రాలు. మన దేశపు ఉపగ్రహ చిత్రాలు అందుకునే కేంద్రం మన షాద్‌నగర్‌లోనే ఉంది. ఈ చిత్రాలు కొనేవారిలో ప్రభుత్వాలే పెద్ద ఖాతాదారులు. బరువు తెలియని స్థితిలో మందుల స్ఫటికాలు తయారు చేసే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి, కానీ అవి ఇంకా తొలి దశలోనే ఉన్నాయి.

షేర్ ఆటో లెక్క

మూడో వ్యాపారం రవాణా. 2017 ఫిబ్రవరి 15న ఒకే పీఎస్‌ఎల్‌వీ 104 ఉపగ్రహాలను మోసుకుపోయింది. అందులో 101 విదేశాలవి. చిన్న ఉపగ్రహానికి ఇది షేర్ ఆటో వంటిది. కిరాయి తక్కువే, కానీ ఆటో నిండేదాకా ఆగాలి, అది పోయే దారిలోనే దిగాలి. మనకు కావలసిన గల్లీకి, కావలసిన వేళకు పోవాలంటే ఆటో మాట్లాడుకోవాలి. చిన్న రాకెట్లు ఆ మాట్లాడుకున్న ఆటోలు.

2020లో కేంద్రం అంతరిక్ష రంగాన్ని ప్రైవేటు వారికి తెరిచి, అనుమతులకు ఇన్‌స్పేస్ అనే సంస్థను పెట్టింది. హైదరాబాదులో ఇద్దరు మాజీ ఇస్రో ఇంజనీర్లు పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లోనే స్కైరూట్ మొదలుపెట్టి ఉన్నారు. వారి విక్రమ్-ఎస్ 2022 నవంబర్ 18న 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయి సముద్రంలో పడింది. కక్ష్యకు చేరడం దాని పని కాదు. అయినా దేశంలో ఎగిరిన తొలి ప్రైవేటు రాకెట్ అదే. మరో ఎనిమిది రోజులకే మన నగరంలోని ధ్రువ స్పేస్ చేసిన రెండు బుల్లి ఉపగ్రహాలు, థైబోల్ట్-1, 2, పీఎస్‌ఎల్‌వీలో కక్ష్యకు చేరాయి.

నష్టం కూడా ఉంది

2022 ఆగస్టు 7న 750 మంది ప్రభుత్వ పాఠశాలల ఆడపిల్లలు పాలుపంచుకున్న ఆజాదీశాట్ తప్పుడు కక్ష్యలో పడి పోయింది. వాళ్ళు ఊరుకోలేదు. 2023 ఫిబ్రవరి 10న రెండోది కక్ష్యకు చేరింది. ఎంతో నమ్మకమైనదని పేరున్న పీఎస్‌ఎల్‌వీ కూడా 2025 మే 18న మూడో దశలో విఫలమైంది. పెట్టుబడి మొత్తం నిమిషాల్లో పోయే వ్యాపారం ఇది.

మన వాటా ఎంత?

2022 నాటికి మన దేశ అంతరిక్ష వ్యాపారం సుమారు 840 కోట్ల డాలర్లు. అది ప్రపంచంలో రెండు శాతం. 2033కి 4,400 కోట్ల డాలర్లకు చేర్చాలని ఇన్‌స్పేస్ లక్ష్యం. మరి ఆ పెరుగుదలలో హాస్టల్ పిల్లల వాటా ఎంత?

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. మిధాని వంటి ప్రభుత్వ రంగ సంస్థలో రిజర్వేషన్ రోస్టర్ ఉంది. ప్రైవేటు కంపెనీలో అది లేదు. పని ప్రభుత్వం నుంచి ప్రైవేటుకు పోతున్న కొద్దీ మన తాతలు, తండ్రులు పోరాడి తెచ్చుకున్న తలుపు ఇరుకవుతుంది. ప్రైవేటులో కూడా అవకాశం కావాలని అడగడం మన హక్కు. అడుగుతూనే పని నేర్చుకోవడం మన తెలివి.

రాకెట్ అనగానే ఐఐటీ వాళ్ళ పని అనుకుంటాం. డిజైన్ వాళ్ళు గీస్తే గీయవచ్చు. కానీ పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ తొడుగుకు వాడే మారేజింగ్ ఉక్కును చూడండి. అందులో సుమారు 18 శాతం నికెల్, బహు కొద్ది కార్బన్ ఉంటాయి. దానిని కరిగించాలి, సాగగొట్టాలి, సుమారు 480 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచి గట్టిపరచాలి, అతుకులో వెంట్రుకంత పగులు లేకుండా వెల్డింగ్ చేయాలి. ఇందులో ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు, వెల్డర్ లేకుండా ఏ పని జరుగుతుంది? మిధాని ఐటీఐ వారికి అప్రెంటిస్ శిక్షణ కూడా ఇస్తుంది.

పదో తరగతి తమ్ముళ్ళూ, నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. లెక్కలు, భౌతికశాస్త్రం వదలకండి. ఇంజనీరింగ్ మీద ఆశ ఉన్నవాళ్ళు తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ గురించి అడిగి తెలుసుకోండి. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చి మీ పని ఏమిటో తమ్ముళ్ళకు చెప్పి పోండి. గోడ అవతల ఏముందో తెలిస్తేనే కదా, గేటు దాకా నడవాలన్న ఆలోచన వచ్చేది.

- ఒక పూర్వ విద్యార్థి