సిగ్గు ఉండవచ్చు, మౌనం తగదు: ప్రోస్టేట్ క్యాన్సర్‌పై అవగాహన

మూత్రవిసర్జన తర్వాత చుక్కలు పడుతుంటే వుజూ నిలుస్తుందా అని పెద్దవయసువారు ఆలిములను అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. కాని ఆ చుక్కలు ఎందుకు పడుతున్నాయని డాక్టరును అడిగేవారు అరుదు. సిగ్గు అడ్డువస్తుంది.

లజ్జ విశ్వాసికి అలంకారమే. శరీరశుద్ధికి సంబంధించిన ఒక ఆంతరంగిక విషయాన్ని హజ్రత్ అలీ (రజి), తాము అల్లుడైనందువల్ల, దైవప్రవక్త (స)ను స్వయంగా అడగలేకపోయారు. అయినా మౌనం వహించలేదు. హజ్రత్ మిఖ్దాద్ (రజి) చేత అడిగించారు. లజ్జా నిలిచింది, సమాధానమూ లభించింది.

ప్రోస్టేట్ పురుషులలో మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకొని ఉండే అక్రోటుకాయంత గ్రంథి. వయసుతోపాటు అది పెరుగుతుంది. రాత్రి పలుమార్లు లేవవలసి రావడం, ధార సన్నబడటం, చుక్కలు పడటం చాలావరకు ఈ పెరుగుదల వల్లనే. అది క్యాన్సర్ కాదు. క్యాన్సర్ తొలిదశలో తరచు ఏ లక్షణమూ చూపదు. కనుక ఇబ్బంది ఉన్నవారు హడలిపోనక్కరలేదు, లేనివారు ఏమరిపాటుగా ఉండనూ కూడదు. మూత్రంలో రక్తం కనిపించినా, నడుమునొప్పి ఎంతకూ తగ్గకపోయినా ఆలస్యం తగదు.

50 ఏళ్ళు దాటినకొద్దీ ముప్పు పెరుగుతుంది. తండ్రికో సోదరునికో ఈ వ్యాధి వచ్చి ఉంటే అది దాదాపు రెండింతలు. కుటుంబ స్త్రీలలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చి ఉన్నా డాక్టరుకు చెప్పాలి.

పీఎస్ఏ అనే రక్తపరీక్ష ఈ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్‌ను కొలుస్తుంది. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే సాధారణంగా అనుమానిస్తారు. గ్రంథి పెరిగినా, ఇన్ఫెక్షన్ సోకినా ఈ సంఖ్య పెరుగుతుంది. 4 నుంచి 10 మధ్య వచ్చినవారిలో సుమారు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ ఉంటుంది. నిర్ధారణ బయాప్సీతోనే జరుగుతుంది.

ఐరోపాలో 1,60,000 మందికి పైగా పురుషులను 23 సంవత్సరాలపాటు పరిశీలించారు. పరీక్షకు పిలిచినవారిలో ఈ వ్యాధి మరణాలు 13 శాతం తగ్గాయి. అంటే 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. మరోవైపు, ఎన్నడూ హాని చేయని నెమ్మది క్యాన్సర్లు కూడా పరీక్షలో బయటపడతాయి. వాటికి అనవసరంగా చికిత్స చేస్తే మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్య సామర్థ్యం తగ్గడం వంటి కష్టాలు రావచ్చు. అందుకే అటువంటి వాటిని వెంటనే తొలగించక, క్రమం తప్పని పరీక్షలతో కనిపెట్టి ఉంటారు.

కాబట్టి 50వ ఏట, తండ్రికి లేదా సోదరునికి చిన్నవయసులోనే ఈ వ్యాధి వచ్చి ఉంటే 45వ ఏటనే, లాభనష్టాలను డాక్టరుతో చర్చించి నిర్ణయించుకోవాలి. 70 దాటి, ఏ ఇబ్బందీ లేనివారికి సాధారణంగా ఈ పరీక్షను సూచించరు.

తండ్రి తన వ్యాధిని కుమారులకు దాచరాదు. ఆ సమాచారం వారికి చెందవలసిన అమానత్. తండ్రి నోరు విప్పలేకపోతే, డాక్టరు ముందు ఆ మాట కుమారుడే చెప్పవచ్చు.