ముల్లు కదల్లేదా? టేపు తీయండి!

నెల నుంచి చెమటోడుస్తున్నా వెయింగ్ మెషీన్ ముల్లు కదలట్లేదని బెంగా? ఓసారి జాకెట్టు వేసుకుని చూడండి, వదులైందేమో! కొవ్వు కన్నా కండ సాంద్రత ఎక్కువ. కొవ్వు కరిగి ఆ మేరకు కండ పెరిగితే బరువు అంతే ఉన్నా నడుము సన్నబడుతుంది. నడుము చుట్టుకొలత మన దేశంలో మహిళలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు వైద్యులు.

కడుపు మాడ్చుకుంటే ముల్లు త్వరగానే దిగుతుంది. కొవ్వుతో పాటు కండా పోతుంది. అసలే వయసు పైబడేకొద్దీ అది తరుగుతుంటుంది.

వారానికి రెండు మూడు రోజులు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. తేలికనిపిస్తే చేతుల్లో నీళ్ల సీసాలు పట్టుకోండి. మగవాళ్లలా కండలొస్తాయని భయమా? అంత సులువుగా రావులెండి! పూటపూటకీ పప్పో, గుడ్డో, పెరుగో తప్పనిసరి. మోకాళ్ల నొప్పులు, బీపీ ఉంటే డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.