కుక్కకు కామెర్లా?

పోయిన శ్రావణంలో నల్లగొండలో మా రాజుగాడికి (మా కుక్క లెండి) కళ్ళు పచ్చబడ్డాయి. పసరు పోయిద్దామంది మా అత్తమ్మ. పశువుల డాక్టరుగారు వాణ్ణి చూసి, "ఇంట్లో ఎవరికైనా జ్వరముందా?" అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. కుక్కకు జబ్బయితే మా సంగతెందుకు!

తీరా వింటే సబబే. ఇది లెప్టోస్పైరోసిస్. ఎలుక మూత్రంలోని సూక్ష్మక్రిమి వాననీటి మడుగుల్లో వారాల తరబడి బతుకుతుంది. కుక్క ఆ నీళ్ళు తాగినా, మనం పగిలిన కాళ్ళతో అందులో నడిచినా అంటుకోవచ్చు. జబ్బుపడిన కుక్క మూత్రమూ ప్రమాదమే. 1886లో జర్మనీ వైద్యుడు వైల్ వర్ణించిన కామెర్ల జ్వరం ఇదేనట. వరినాట్లు వేసేవాళ్ళకూ ఈ గండముంది.

కుక్కలకు ఏటేటా టీకా ఉంది. మేమే వేయించలేదు.

మా పనిమనిషి కొడుకు ఆ మడుగులోనే కాగితప్పడవలు వదిలేవాడు. వారం తిరక్కుండా వాడికి జ్వరం! వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళి, కుక్క సంగతి ముందే చెప్పాం. పెన్సిలిన్‌తో లేచాడు. రాజుగాడు లేవలేదు.