పెనుకొండ దారిలో సైకిలు బాటసారి

1886వ సంవత్సరమున, వర్షకాలములో, థామస్ స్టీవెన్స్ అను యువకుడు లాహోరునుండి కలకత్తాకు సైకిలుపై ప్రయాణము చేసెను. నేటి సైకిలు కాదది. ముందు చక్రము మనిషి ఱొమ్మెత్తు, వెనుకది పెద్ద పళ్లెమంత. దానిని ఎక్కుట ఒక విద్య, దిగుట మఱియొక విద్య. ఇంగ్లాండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈతడు 1884 ఏప్రిలు 22న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, 1886 డిసెంబరులో జపానులోని యొకోహామా చేరి, సైకిలుపై భూగోళమును చుట్టిన మొదటివాడని కీర్తి గడించెను. మన గ్రాండ్ ట్రంకు రోడ్డుపై పరచిన కంకరను అతడు మెచ్చుకొనెను. మన ఎండకు, ఉక్కకు మాత్రము అలసిపోయెను.

అతడు దక్షిణాపథమునకు రాలేదు. 1963లో ఐర్లండునుండి ఒంటరిగా సైకిలుపై ఢిల్లీ చేరిన డెర్వ్‌లా మర్ఫీయు అంతే. పదేండ్ల తరువాత ఆమె దక్షిణమునకు వచ్చెను గాని, అప్పుడామెతో నున్నది సైకిలు కాదు, పసికూతురు. ఐరోపానుండి నేలదారిన వచ్చువారికి పంజాబే వాకిలి. కనుక ఆ దారిన వచ్చిన సైకిలు యాత్రికుల గ్రంథములలో మన రాయలసీమ కానరాకున్న వింత కాదు.

నేడు కాశ్మీరమునుండి కన్యాకుమారికి పోవు 44వ జాతీయ రహదారి పెనుకొండ ప్రక్కనుండియే సాగుచున్నది. దానిపై సామానుమూటలు కట్టిన సైకిళ్లతో పరదేశులు అప్పుడప్పుడు కనబడుదురు. తల వంచుకొని, లారీల గాలికి ఊగుచు పోవుదురు. వారిని చూచినప్పుడెల్ల నాకొకటి తోచును. వీరు మన సీమను దాటుచున్నారు గాని చూచుట లేదు. వెడల్పయిన రహదారి వేగము నిచ్చును, నీడ నీయదు. కారులో పోవువానికి దారిప్రక్క చింతచెట్టు ఉన్నను లేకున్నను ఒకటే. సైకిలువానికి అదియే సత్రము.

బెంగుళూరునుండి ఉత్తరముగా వచ్చువారు దొడ్డబళ్లాపురము, గౌరిబిదనూరు మీదుగా హిందూపురము చేరుట మేలు. నంది కొండలలో పుట్టిన పెన్న ఇంచుమించు ఈ దిక్కుననే ప్రవహించును. ఈ దారికొక చరిత్ర కలదు. గౌరిబిదనూరు ప్రాంతమున దొరికిన 1388 నాటి శాసనమొకటి, హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నుండగా, పెన్న నీటిని ఆ పట్టణమునకు తెప్పింపగోరెనని చెప్పుచున్నది. జలసూత్ర విద్యలో ఆరితేరిన సింగాయభట్టు సిరువేర చెరువుకు కాలువ త్రవ్వించి, దానికి రాజు పేరే పెట్టెను. ఆరువందల యేండ్లకు పూర్వము ఈ సీమలో రాజు తలపెట్టిన పని కోట కాదు, త్రాగునీరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురపు సీమలో అంతకంటె పెద్దపని యేముండును?

ఎండలో సైకిలు త్రొక్కువాని దేహమునుండి గంటకు లీటరు చెమట పోవుట సామాన్యము. కనుక అతనికి దారియనగా నీటికి నీటికి నడుమనున్న దూరము. 1830లో చెన్నపట్టణమునుండి పల్లకిలో కాశికి బయలుదేరి, పదునైదు నెలలకు తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకి నీటివసతి యెట్లు, చెట్లనీడ కలదా, అంగళ్లున్నవా అని వ్రాసికొనినాడు. సైకిలు యాత్రికుడు చదువవలసిన గ్రంథము నాకు తెలిసి అంతకు మించినది లేదు.

హిందూపురము సుమారు రెండువేల అడుగుల ఎత్తున నున్నది గనుక రాత్రులు కొంత చల్లన. చింతపండు, బెల్లము, మిరపకాయల బజారులో సైకిలు నిలిపిన చాలును, ఇరువదిమంది మూగుదురు. ఏ దేశము? పెండ్లి అయినదా? బండి వెల యెంత? ఇంతదూరము రైలెక్కరాదా? చైనాలో స్టీవెన్సును చుట్టుముట్టిన జనము రాళ్లు రువ్విరి; మనవారు ప్రశ్నలు రువ్వుదురు. ఇందులో కీడు లేదు. అయినను రోజుకు పదిచోట్ల ఇదే జరిగిన, మాట రాని పరదేశికి ఎండకంటె ఇదే ఎక్కువ బడలిక. ఇంగ్లీషు వచ్చునని బడిపంతులును, పదవతరగతి పిల్లవానిని ముందుకు నెట్టుట మన ఊళ్లలో వాడుక. అట్లు నెట్టబడినవారు మొదట మంచినీళ్లిచ్చి, తరువాత పేరడిగిన బాగుండును.

లేపాక్షి ఇక్కడికి పదునైదు కిలోమీటర్లు. ఒకపూట అక్కడి బసవన్నకే చాలదు. దానిని గూర్చి వేఱే వ్రాయవలెను.

హిందూపురమునుండి పెనుకొండకు, అక్కడనుండి ధర్మవరమునకు, మొత్తము సుమారు తొంబది కిలోమీటర్లు. ఎండకాలమైన రెండు ఉదయములుగా పంచుకొని, కోడికూతకే బయలుదేరవలెను. 1565లో విజయనగరము కూలిన పిదప తిరుమలరాయలు రాజధానిగా చేసికొన్న పెనుకొండకు అంతకుముందే రాజుల వేసవి విడిది యను ప్రతిష్ఠ కలదు. వేసవికి ఇక్కడికా అని నవ్వు రావచ్చును. మిట్టమధ్యాహ్నము గగనమహలు మందపు గోడల చాటున నిలిచి చూచినవారు నవ్వరు. ఎఱ్ఱమంచివద్ద 2019లో కొరియావారి కారుల కర్మాగారము వెలసినప్పటినుండి పెనుకొండలో పరదేశి ముఖము వింత కాదు.

పుట్టపర్తి పొరుగుననే యుండుటచే కొత్తచెరువువారికిని అంతే. బుక్కపట్టణపు చెరువు అక్కడికి దగ్గఱ. నిండిన యేడు దాని గట్టుపై గాలి ప్రాణము లేచివచ్చునట్లు వీచును. ఎండిన యేడు అదే గాలి దుమ్ము తెచ్చును. దారిలో రాగిసంగటి, ఊరిబిండి దొరకిన విడువరాదు. ఉప్పు వేసిన మజ్జిగ సీసా సోడాకంటె మేలు.

ధర్మవరము చొచ్చునప్పటికి మొదట వినబడునది మగ్గము. సైకిలును అరుగున కానించి నీళ్లడిగిన, నేతగాండ్ర యింట లేదనరు. చెంబు ఖాళీ చేసి, గుంటమగ్గముపై పడుగుల నడుమ నాడె పరుగులిడుట చూచుచు కూర్చుండవచ్చును. చీర ముగియుటకు ఇంకను దినములు పట్టును; గుంతకల్లు రైలు సాయంకాలమునకు గాని అక్కఱలేదు.