దొంతరలో గోడ: బ్యాటరీ కట్టుబడి కథ

రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీటినో ఆమ్లాన్నో ఉంచితే ఏర్పడే విద్యుత్ ఘటం, అంటే వాడుకలో సెల్, ఎంత వోల్టేజి ఇస్తుందనేది ఆ పదార్థాల రసాయన స్వభావం నిర్ణయించేదే కాని ఘటం పరిమాణం నిర్ణయించేది కాదు. కృష్ణా పశ్చిమ డెల్టాలో తూమును ఎంత వెడల్పు చేసినా పారే నీరు పెరుగుతుందే తప్ప ఎగువ దిగువల మట్టాల తేడా పెరగనట్టే, పలకలను ఎంత పెద్దవి చేసినా ఘటం ఎక్కువ సేపు పనిచేస్తుంది, ఎక్కువ కరెంటు ఇస్తుంది, అంతవరకే. సీసపు ఘటం అగ్గిపెట్టెంత ఉన్నా బీరువాంత ఉన్నా ఇచ్చేది దాదాపు 2 వోల్టులే కాబట్టి, అంతకు మించి కావాలంటే కుండల దొంతరలా ఒక ఘటం ధన ధ్రువాన్ని మరొక ఘటం రుణ ధ్రువానికి కలుపుతూ పోవడం తప్ప మార్గం లేదు.

ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా 1800 మార్చి 20న లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు రాసిన లేఖలో వివరించినది సరిగ్గా ఇటువంటి దొంతరనే. వెండి బిళ్ల, దానిపై జింకు బిళ్ల, దానిపై ఉప్పునీట తడిపిన అట్టముక్క, మళ్లీ వెండి బిళ్ల అనే వరుసలో పేర్చిన ఆ స్తంభం పైకొననూ కిందికొననూ తడిచేతులతో తాకినవారికి షాకు తగిలేది. కాని ఎత్తు పెరిగేకొద్దీ పై బిళ్లల బరువుకు కింది అట్టలు నలిగి, వాటిలోని ఉప్పునీరు స్తంభం పక్కల వెంట కారి, ఏ ఘటానికి ఆ ఘటంగా ఉండవలసిన తడిని ఒకదానితో ఒకటి కలిపేసేది. అప్పుడు విద్యుత్తు బయటి తీగకు చేరకుండా ఆ కారిన నీటి దారినే లోపల్లోపల వృథా అయ్యేది. తడి లేనిదే ఘటం పనిచేయదు, ఆ తడి గడప దాటితే దొంతర పనిచేయదు. తరువాతి రెండు వందల ఏళ్ల బ్యాటరీ నిర్మాణ చరిత్రలో కొత్త రసాయనాల పేర్లే ఎక్కువగా వినిపించినా, నిజానికి అందులో సగం ఇలా పక్కపక్క ఘటాల తడుల మధ్య గోడ కట్టడానికి పడిన పాట్లే.

మొదటి గోడ కట్టినవాడు విలియం క్రూక్‌షాంక్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త. అతడు స్తంభాన్ని పడుకోబెట్టి, రాగి, జింకు పలకలను జంటగా అతికించి, కొయ్యతొట్టిలోని గాళ్లలో నిలిపి, అంచులను మైనంవంటి పదార్థంతో మూసి, పలకల నడుమ ఏర్పడిన అరలలో ద్రవం పోశాడు. ఒకే పలక ఒక వైపు ఒక ఘటానికి, రెండో వైపు పక్క ఘటానికి ధ్రువంగా ఉంటూ మధ్యగోడగా కూడా పనిచేసే ఈ ఏర్పాటును ద్విధ్రువ పలక అంటారు. హంఫ్రీ డేవీ 1807లో పొటాషియం, సోడియం లోహాలను వేరుచేయడానికి వాడినది ఈ తరహా తొట్టి బ్యాటరీలనే.

మళ్లీ చార్జి చేయగల సీసపు ఘటాన్ని గాస్టన్ ప్లాంటే 1859లో రూపొందించగా, 1881లో కమిల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్దను పలకలకు పూసి దాని నిల్వశక్తిని పెంచాడు. తెనాలిలోగాని రేపల్లెలోగాని ఇన్వర్టరు పక్కన కనిపించే 12 వోల్టుల బ్యాటరీ ఈ వంశానిదే. దాని ప్లాస్టిక్ పెట్టెలో ఐదు అడ్డుగోడలు, ఆరు అరలు ఉంటాయి. ఒక్కొక్క అరలో ధన పలకలన్నిటినీ ఒక సీసపు పట్టీకి, రుణ పలకలన్నిటినీ మరొక పట్టీకి అతికి, పక్క అరతో కలపడానికి గోడకు చిల్లు పొడిచి సీసంతో సీసాన్ని కరిగించి అతుకుతారు. ఆ చిల్లు చుట్టూ వెంట్రుకవాసి సందు మిగిలినా ఆమ్లం అటూ ఇటూ పాకి, వోల్టా స్తంభానికి పట్టిన తెగులే దీనికీ పడుతుంది.

తీరప్రాంతంలో ఈ తెగులుకు బయటినుంచీ దారులున్నాయి. ఉప్పుగాలి చెమ్మ, పైకి చిమ్మిన ఆమ్లం, దుమ్ము కలిసి బ్యాటరీ మూతపై పల్చని పొరగా పేరుకుంటే, ధ్రువాల మధ్య ఆ పొర మీదుగానే కొద్దికొద్దిగా చార్జి కారిపోతుంది. వంటసోడా నీటితో మూత తుడిచి, టెర్మినళ్లకు వాజిలిన్ రాయడం అందుకే. ఇక లోపల పోసే నీటి సంగతి మరీ చిత్రమైనది. బాపట్ల జిల్లాలో చినగంజాం ఉప్పుమడులకు ప్రసిద్ధి, సముద్రం దాపున ఉన్న ఊళ్లలో బోరు నీరు ఉప్పన. వోల్టా దొంతరకు ప్రాణం పోసినది ఉప్పునీరే అయినా, సీసపు బ్యాటరీలో ఉప్పులోని క్లోరైడు ధన పలకలోని జల్లెడవంటి చట్రాన్ని తినేస్తుంది కనుక డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీరు అందులో పనికిరాదు.

గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన, తిరుపతి దగ్గరి కరకంబాడిలో కర్మాగారమున్న అమరరాజా సంస్థ తయారుచేసే సీలు వేసిన బ్యాటరీలలో నీళ్లు పోసే పనే ఉండదు. వాటిలో ఆమ్లం పలకల నడుమ సన్నని గాజునూలు చాపలో ఇంకి ఉంటుంది. అంటే తడిపిన అట్టముక్క తిరిగి వచ్చిందన్నమాట, నలిగి కారే గుణం మాత్రం వదిలించుకుని.

గోడలన్నీ గట్టిగా ఉన్నా దొంతరకు ఇంకొక బలహీనత ఉంది. అన్ని ఘటాలలోనూ ఒకే కరెంటు ప్రవహించక తప్పదు కాబట్టి, అన్నిటికంటే ముందు ఖాళీ అయిన ఘటంలోకి మిగిలినవి కరెంటును బలవంతంగా నెట్టి దాని ధ్రువాలనే తారుమారు చేస్తాయి. మెకానిక్కులు ‘ఒక సెల్ పోయింది’ అనేది ఇటువంటి స్థితినే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినట్టి రోజుల్లో కరెంటు లేని సెల్‌ఫోన్ టవరుకు ఆధారమయ్యే 48 వోల్టుల సీసపు వరుసలో 24 ఘటాలుంటే, వాటిలో నీరసించిన ఒక్కదాని ఓపికే మొత్తం వరుస ఓపిక.

బిరడాలున్న పాత బ్యాటరీలో ఆరు బిరడాలూ విప్పి, హైడ్రోమీటరుతో ఆమ్లం సాంద్రత కొలిచి, ఏ అర చెడిందో చెప్పగలిగేవారు. సీలు వేసినదానిలో ఆ వీలు పోయింది. ఎలక్ట్రిక్ ఆటోలలోని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఆ వీలును వేరొక రూపంలో వెనక్కి తెచ్చాయి. ఒక్కొక్కటి 3.2 వోల్టులిచ్చే 16 ఘటాల దొంతరలో రెండు కొసలనుంచీ, ఘటానికీ ఘటానికీ మధ్యనున్న ప్రతి కలయికనుంచీ ఒక్కొక్క సన్నని తీగ బయలుదేరి, ఏ ఘటం వెనుకబడుతున్నదో కనిపెట్టే చిన్న సర్క్యూటు పలకకు చేరుతుంది. మొత్తం పదిహేడు తీగలు.