పాదమును చేరిన ప్రతిధ్వని

1955లో గ్లాస్గో విశ్వవిద్యాలయమున ప్రసూతిశాస్త్రాచార్యుడై యుండిన ఇయాన్ డొనాల్డ్, శస్త్రచికిత్సచే తొలగించిన కణితులను వెంటగొని, రెన్‌ఫ్రూ పట్టణములోని బాయిలర్ల కర్మాగారమునకు వెడలెను. లోహములోని పగుళ్లను, చెవికందని ధ్వనిచే పసిగట్టు యంత్రమొకటి అచట నుండెను. ద్రవము నిండిన తిత్తియు, గట్టి కణితియు ఆ యంత్రమున వేర్వేరు ప్రతిధ్వనుల నొసగుట గాంచిన ఆయన, వైద్యుడు జాన్ మక్‌వికార్‌తోను, ఇంజనీరు టామ్ బ్రౌన్‌తోను గూడి మూడేండ్లు శ్రమించి, 1958లో లాన్సెట్ పత్రికయందు తన ఫలితములను ప్రకటించెను.

ఆ యంత్రమునకు మూలమైన విద్య యుద్ధమున పెరిగినది. స్ఫటికమును నొక్కిన విద్యుత్తు పుట్టునని క్యూరీ సోదరులు 1880లో కనుగొనగా, ప్రథమ ప్రపంచ సంగ్రామమున పాల్ లాంజెవాన్ ఆ ధర్మము నాధారముగా గొని, జలాంతర్గాములను వెదకుటకు సముద్రములోనికి ధ్వనిని పంపెను.

గర్భస్థ శిశువును చూపి ప్రఖ్యాతి గాంచిన ఈ సాధనము పాదమును చూపుటకు మరికొంత సూక్ష్మత నార్జింపవలసి వచ్చెను. ఉదరపు లోతులకు సెకనునకు ముప్పది, నలువది లక్షల కంపనములు చాలును. మడమ క్రింది పొరలను వేరుపరచుటకు కోటికి మించిన కంపనములు కావలెను. కంపనములు హెచ్చినకొలది ధ్వని లోతునకు పోజాలదు గాని, పాదమున వెదకవలసిన వానిలో పెక్కు చర్మమున కతిసమీపముననే యున్నవి. కోటిన్నర కంపనముల ధ్వనికి దేహమున తరంగదైర్ఘ్యము సుమారు 0.1 మిల్లీమీటరు మాత్రమే.

ప్రాతఃకాలమున తొలి అడుగు మోపగనే మడమ పోటుతో బాధపడువారికి ఎక్స్‌రే తీసి, ఎముకపై మొలిచిన ముల్లునే దోషిగా నెంచుట పరిపాటి. నొప్పి యెరుగని పాదములందును అట్టి ముల్లు కానవచ్చును గనుక ఆ నిర్ణయము తొందరపాటని నా అభిప్రాయము. ఆ నొప్పికి తరచు మూలమై, మడమ నుండి వ్రేళ్ల మొదలుదాక వింటినారివలె సాగియుండు తంతుపట్టి ఎక్స్‌రేకు స్పష్టముగా చిక్కదు. ధ్వని దానిని చూపుటయే గాక కొలుచును: మందము 4 మిల్లీమీటర్లకు మించి, వర్ణము నలుపెక్కినయెడల, వైద్యుడు వ్యాధిని శంకించును.

అయినను పరికరమును పట్టు హస్తమునకు శిక్షణ యవసరము. స్నాయుబంధనములోని తంతువులకు ధ్వని లంబముగా తగులనిచో ప్రతిధ్వని ప్రక్కకు చెదరి, ఆరోగ్యవంతమైన బంధనమే చినిగినట్లు నల్లగా దోచును. పరికరము నించుక వంచి చూచినగాని నిజము తేలదు. ఎముకను భేదించి లోపలికి పోవుటయు ధ్వనికి శక్యము గాదు. అట్టి చోట్ల ఎం.ఆర్.ఐ. వంటి పరీక్షల నాశ్రయింపవలెను.

ఈ యంత్రమున నన్ను మిక్కిలి ఆకర్షించునది చలనదర్శనము. చీలమండ వెలుపలి ఎముక వెనుక గాడిలో సాగు స్నాయుబంధనములు, కదలక పరుండిన రోగికి స్వస్థానముననే యుండి, పాదమును పైకి వెలుపలికి త్రిప్పినపుడు మాత్రమే ఎముకపైకి జారుట కలదు. రోగి పాదమును త్రిప్పుచుండగనే, ఆ జారుపాటు తెరపై వైద్యునకు ప్రత్యక్షమగును.